రెడ్ లాడ్జ్‌లో పోయిన 239 డాలర్లు: రాకీ కొండల్లో ఎనిమిది రోజుల బైక్ ప్రయాణం

వయోమింగ్, మోంటానా కొండల్లోకి బైక్ మీద వెళ్లాలనుకునేవాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. మోటెల్ పేరు ఫోన్లో వెతికినప్పుడు అన్నిటికంటే పైన వచ్చే లింకు నొక్కి గది బుక్ చేయకండి. నేను అలాగే చేసి 239 డాలర్ల 40 సెంట్లు పోగొట్టుకున్నాను. ఏడాది కావస్తున్నా ఆ కోపం తగ్గలేదు. ఈ వేసవిలో మన వాళ్లు చాలామంది బయలుదేరుతున్నారని విని ఇదంతా రాస్తున్నాను.

2025 జూన్‌లో నేను, మా బావమరిది డెన్వర్ నుంచి బయలుదేరాం. నాది సుజుకీ వీ-స్ట్రామ్ 650, వాడిది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. ఎనిమిది రోజుల్లో మొత్తం 1,540 మైళ్లు తిరిగాం. రూటు నేనే వేశాను, గదులూ నేనే బుక్ చేశాను. ఏ రోజు ఏ ఊళ్లో పడుకోవాలో అన్నీ మార్చిలోనే ఖాయం చేశాను. నా అసలు తప్పు అదే.

మొదటి రోజు ఎస్టెస్ పార్క్ మీదుగా ట్రైల్ రిడ్జ్ రోడ్ ఎక్కి, గ్రాండ్ లేక్ వైపు దిగి, వాల్డెన్ దాటి వయోమింగ్‌లోని సరటోగాకి చేరాం. 250 మైళ్లు. ట్రైల్ రిడ్జ్ రోడ్‌లో ఎత్తైన చోటు 12,183 అడుగులు. అక్కడికి చేరేసరికి హిమాలయన్‌కి ఊపిరి ఆడనట్టయింది. ప్రతి వెయ్యి అడుగులకీ ఇంజిన్ బలం మూడు శాతం దాకా పడిపోతుంది, దాని మొత్తం బలమే 24 హార్స్‌పవర్. అయినా వాడు మూడో గేర్లో నిదానంగా ఎక్కించాడు, ఎక్కడా ఆగలేదు. ఈ రోడ్డు ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోకి వేసవిలో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు వెళ్లాలంటే ముందుగా టైమ్ స్లాట్ తీసుకోవాలి, దానికి 2 డాలర్లు. మేం డెన్వర్‌లో 5:30కే బయలుదేరి 7:20కి గేటు దాటాం కాబట్టి ఆ అవసరం రాలేదు. టైమ్ స్లాట్ ఉన్నా సరే, మీరూ తెల్లవారుజామునే బయలుదేరండి. ఆ కొండల మీద మధ్యాహ్నం దాటితే ఉరుములు, మెరుపులు మొదలవుతాయి. చెట్లు కూడా మొలవని ఎత్తులో ఇనుప గుర్రం మీద కూర్చుని మెరుపుల కింద ఉండకూడదు.

సరటోగాలో మోటెల్ 112 డాలర్లు, శుభ్రంగా ఉంది. ఊళ్లో హోబో పూల్ అని వేడినీటి ఊట ఉంది. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, పైసా తీసుకోరు. రోజంతా బైక్ మీద కూర్చున్న నడుముకి అంతకంటే మంచి మందు లేదు.

రెండో రోజు ఐ-80 ఇంటర్‌స్టేట్ హైవే మీద ప్రయాణం వాల్‌కాట్ నుంచి రాలిన్స్ దాకా 20 మైళ్లే. ఆ 20 మైళ్లు మాత్రం మర్చిపోలేను. వయోమింగ్ గాలి గురించి వినడం వేరు, పక్క నుంచి అది బైక్‌ని తోస్తుంటే హ్యాండిల్ పట్టుకుని కూర్చోవడం వేరు. లారీ దాటి వెళ్లిన ప్రతిసారీ గాలి ఒక్క క్షణం ఆగి మళ్లీ కొట్టేది. మా వాడి బైక్ గంటకి 65 మైళ్లు దాటడం లేదు, అక్కడ అందరూ 80లో పోతున్నారు. రాలిన్స్‌లో బంకు దగ్గర ఆగి హెల్మెట్ తీసేసరికి వాడి మొహం పాలిపోయి ఉంది. "బావా, తిరిగొచ్చేటప్పుడు ఈ రోడ్డు వద్దు" అన్నాడు. వద్దులే అన్నాను. చిన్న ఇంజిన్ బైకులున్నవాళ్లు మ్యాపులో ఇంటర్‌స్టేట్‌లు తీసేసి రూటు వేసుకోండి.

పెట్రోలు గురించి ఇక్కడే చెప్పాలి. ఈ కొండ రాష్ట్రాల్లో రెగ్యులర్ అంటే చాలా బంకుల్లో 85 ఆక్టేన్ (పెట్రోలు గ్రేడు చెప్పే అంకె). మిగతా అమెరికాలో రెగ్యులర్ అంటే 87. అలవాటుగా చవక నాజిల్ పట్టుకుంటే మీ బైక్ మాన్యువల్ చెప్పినదానికంటే తక్కువది పోస్తున్నట్టే. మధ్యలో ఉండే 87 నాజిల్ తీసుకోండి. రాలిన్స్‌లో ట్యాంకు నిండా పోయించుకోండి, ఎందుకంటే అక్కడి నుంచి లాండర్ దాకా 125 మైళ్లలో దాదాపు ఏమీ లేదు. ఆ రాత్రి డుబాయిస్‌లో పడుకున్నాం, 134 డాలర్లు.

తర్వాతి రెండు రోజులు గ్రాండ్ టీటన్, యెల్లోస్టోన్ నేషనల్ పార్కులు. టెంటు వేసుకున్నాం, అన్నీ అనుకున్నట్టే జరిగాయి. బైసన్ రోడ్డు మీద నిలబడితే బైక్ ఆపి దూరంగా ఉండండి, హారన్ కొట్టకండి. కనీసం 25 గజాల దూరం ఉండాలని పార్కు నియమం. కారులో ఉన్నవాడికి అద్దమైనా అడ్డం ఉంటుంది, మనకి అదీ ఉండదు.

పార్కుల పాస్ సంగతి. యెల్లోస్టోన్‌కి ఒక బైక్‌కి 30, టీటన్‌కి మరో 30, వాటికి రాకీ పార్కు కూడా కలిస్తే 80 దాటిపోతుంది. అందుకే చెరొక వార్షిక పాస్ 80 డాలర్లకి కొన్నాం. 2026 జనవరి నుంచి ఒకే పాస్ మీద రెండు బైకులు వెళ్లవచ్చు, ఇది మనకి మంచి మార్పు. కానీ ఆ 80 ధర అమెరికాలో ఉండేవాళ్లకే, ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్స్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. హైదరాబాద్ నుంచి స్నేహితుడొచ్చి బైక్ అద్దెకు తీసుకుని మీతో వస్తానంటే అతని పాస్ 250. ముందే చెప్పి తీసుకురండి.

ఇక ఐదో రోజు. మొత్తం ప్రయాణం పెట్టుకున్నదే ఆ రోజు కోసం. యెల్లోస్టోన్ ఈశాన్యపు గేటు దాటి, కుక్ సిటీ మీదుగా బేర్‌టూత్ హైవే ఎక్కి, 10,947 అడుగుల దగ్గర శిఖరం దాటి మోంటానాలోని రెడ్ లాడ్జ్‌లో దిగాలి. 1936లో తెరిచిన ఈ 68 మైళ్ల రోడ్డు మీద నడపాలని డెన్వర్ వచ్చిన మొదటి ఏడాది నుంచి నాకు కోరిక. కుక్ సిటీలో బంకు దగ్గర ఆగితే అక్కడి పెద్దాయన చెప్పాడు, రాత్రి పైన మంచు పడిందట, గేటు వేసేశారట. జూన్ మూడో వారంలో! మా బావమరిది ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్. పొద్దుటి నుంచి వాడి పొట్టలో రెండు గ్రనోలా బార్లు తప్ప ఏమీ లేవు, వాన మొదలైంది, గ్లోవ్స్ తడిసి వేళ్లు వంగడం లేదు.

చీఫ్ జోసెఫ్ రోడ్డు మీదుగా కోడీకి దిగాం. చుట్టూ తిరిగి రెడ్ లాడ్జ్ చేరాలంటే ఇంకో 60 మైళ్లు. వాడి చేతులు వణుకుతున్నాయి. కోడీలోనే 118 డాలర్లకి గది తీసుకుని, రెడ్ లాడ్జ్ మోటెల్ బుకింగ్‌ని ఒక రోజు జరపమని అడగడానికి ఫోన్ చేశాను.

నెలల కిందట గది బుక్ చేసేటప్పుడు ఆ లింకు పేజీలో చూసి నేను ఫోన్ చేసిన నంబరే అది. 38 నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి ఒకతను వచ్చి జరపడం కుదరదు, డబ్బు తిరిగి రాదు అన్నాడు. రోడ్డే మూసేశారయ్యా అంటే షరతులు చదివి వినిపించాడు. మోటెల్ ఓనరుతో మాట్లాడించమంటే మాది మోటెల్ కాదు, బుకింగ్ సంస్థ అన్నాడు. అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. ఆ పేజీలో మోటెల్ పేరు, మోటెల్ ఫోటో, కింద ఉచిత ఫోన్ నంబరు, అంతా మోటెల్ వాళ్లదే అన్నట్టు ఉంది. తమకీ మోటెల్‌కీ సంబంధం లేదన్న మాట అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. గది 179.00, పన్ను 17.90, "సేవా రుసుము" 42.50. ఆ 42.50కి వాళ్లు చేసిన సేవ ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత క్రెడిట్ కార్డు వాళ్లకి ఫిర్యాదు చేశాను. షరతులు ఒప్పుకున్నారు కదా అని తిరస్కరించారు.

మోటెల్ అసలు నంబరు వెతికి, దాని ఓనరు ఆవిడతో మాట్లాడాను. పేరు చూసి, నాకే ఫోన్ చేసి ఉంటే ఒక్క మాటతో రేపటికి మార్చేదాన్ని, రోడ్డు మూసిన రోజు నేను ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను అంది. ఆ మాట విన్నాక బాధ ఇంకా ఎక్కువైంది.

మర్నాడు పదకొండింటికి గేటు తీశారు. వెనక్కి చీఫ్ జోసెఫ్ ఎక్కి బేర్‌టూత్ మీదికి వెళ్లాం. రోడ్డుకి రెండు వైపులా మనిషి ఎత్తు మంచు గోడలు, మధ్యలో తడిసిన నల్లటి రోడ్డు, పైన మేఘం ముక్క లేదు. శిఖరం దగ్గర బైకులు ఆపి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పొడి కలిపిన అన్నం, గోంగూర పచ్చడి తిన్నాం. అన్నం పొద్దున కోడీ గదిలో చిన్న కుక్కర్లో వండిందే. మా వాడు రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. "ఈ రోడ్డు కోసం ఇంకో 239 పోయినా పర్లేదు బావా" అన్నాడు. డబ్బు నాది కాబట్టి నేను ఒప్పుకోలేదు గానీ, రోడ్డు గురించి వాడన్నది నిజం.

రెడ్ లాడ్జ్‌లో ఆ మోటెల్‌కే వెళ్లాం. నేరుగా వచ్చినవాళ్లకి ఆ రోజు ధర 139 అని బోర్డు ఉంది. ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టి 100 తీసుకుంది. బాయిలర్ గదిలో మా బూట్లు, గ్లోవ్స్ ఆరబెట్టి, టీ కాచుకోవడానికి కెటిల్ ఇచ్చింది. ఆ గదికే నేను ముందు రోజు రాత్రి కోసం 239 కట్టాను.

తిరుగు దారిలో థర్మోపొలిస్‌లో ఆగండి. వేడినీటి ఊటలున్న ఆ భూమిని 1896లో షోషోనీ, అరాపహో తెగల నుంచి తీసుకున్నప్పుడు, కొంత నీరు అందరికీ ఉచితంగా ఉండాలని ఒప్పందం జరిగింది. అందుకే ఇప్పటికీ అక్కడి ప్రభుత్వ స్నానశాలలో 104 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్లలో 20 నిమిషాలు డబ్బు లేకుండా కూర్చోవచ్చు. చివరి రోజు కాస్పర్, మెడిసిన్ బో మీదుగా లారమీ వచ్చాం. అక్కడ పంజాబీ లారీ డ్రైవర్ల కోసం నడిచే ట్రక్ స్టాప్‌లో ఆలూ పరాఠా, పప్పు, పెరుగు, 15.49 డాలర్లు. మా వాడు ఇంకో పరాఠా చెప్పాడు. ఆ రోజు 400 మైళ్లు నడిపాం, మీరు అలా చేయకండి, లారమీలో పడుకోండి. సోమవారం ఆఫీసు ఉండబట్టి మాకు తప్పలేదు.

ఈ ఆగస్టులో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కు దాకా. ఆగస్టు 7 నుంచి 16 దాకా మాత్రం వదిలేశాం. పక్కనే సౌత్ డకోటాలో స్టర్జిస్ బైక్ ర్యాలీ జరుగుతుంది, ఆ చుట్టుపక్కల గదుల ధరలు ఆకాశానికి వెళ్తాయి. మొదటి రాత్రికి మాత్రమే గది ఖాయం చేశాను. మిగతా ఊళ్లలో రెండేసి మోటెళ్ల నంబర్లు కాగితం మీద రాసుకున్నాను, రోజూ మధ్యాహ్నం వాన చూసుకుని నేరుగా వాళ్లకే ఫోన్ చేస్తాం. ఆ కాగితంలో మొదటి నంబరు రెడ్ లాడ్జ్ ఆవిడది.