బోరు మోటారుకు ఆటోమేటిక్ కంట్రోలర్: ఐదేళ్ల వాడకం తర్వాత

ట్యాంకు పొంగకుండా ఆపడంలో దీనికి వంక పెట్టలేం. లీకుల సంగతికొస్తే మాత్రం, ఇదొక్కటే పెట్టుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ. చేత్తో స్విచ్ వేసేటప్పుడు ఎక్కడైనా పైపు కారితే ట్యాంకు ఖాళీ అయ్యేది, కుళాయి ఆగగానే విషయం బయటపడేది. ఇప్పుడు నీళ్లు తగ్గగానే మోటారు తనంతట తానే నింపేస్తుంది. బోరులో నీళ్లున్నంత కాలం లీకు సాగుతూనే ఉంటుంది.

వాడుతున్నది 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్, డాబా మీద 1,000 లీటర్ల ట్యాంకు, ఇంట్లో నలుగురు. మోటారు నిమిషానికి 36 లీటర్లు పోస్తుంది. ట్యాంకు మూడో వంతుకు దిగితే ఆన్, నిండితే ఆఫ్. ఒక్కో విడత సుమారు 19 నిమిషాలు.

కంట్రోలర్ రిలేకు (లోపలుండే చిన్న స్విచ్) మోటారును నేరుగా కలపొద్దు. స్టార్టింగ్ కరెంటుకు రిలే పాయింట్లు అతుక్కుపోతాయి, ట్యాంకు నిండినా మోటారు ఆగదు. రిలే నడపాల్సింది కాంటాక్టర్ (మోటారు కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్) కాయిల్‌ను మాత్రమే. ఇక ట్యాంకులో నీటి మట్టం చూసే స్టీలు సెన్సర్లు: ఉప్పునీళ్లలో మూడు నెలలకే తెల్లగా గార కడతాయి. పై సెన్సర్‌కు గార పడితే ట్యాంకు నిండిన సంగతి కంట్రోలర్‌కు తెలీదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో పావుగంట నానబెట్టి రుద్దితే పోతుంది.

అసలు కాపాడినవి తర్వాత కలిపిన మూడు చవక సామాన్లు.

మొదటిది టైమర్ రిలే. కాంటాక్టర్ కాయిల్‌కు సిరీస్‌లో పెట్టి 30 నిమిషాలకు సెట్ చేయాలి. బోరు నుంచి ట్యాంకుకు వెళ్లే డెలివరీ పైపు పగిలితే నీళ్లు పైకి చేరవు, మోటారు ఆగదు. డ్రై రన్ రక్షణ (నీళ్లు లేకుండా తిరిగితే కరెంటు తగ్గడాన్ని బట్టి మోటారును ఆపేది) ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది కాబట్టి కరెంటు పెద్దగా పడిపోదు. టైమర్ ఒక్కటే ఆపుతుంది. అయితే అది కట్ చేశాక చేత్తో రీసెట్ చేసేదాకా మళ్లీ ఆన్ కాని రకమే కొనాలి. ఎండాకాలంలో బోరు ఊట తగ్గితే సమయం పెరుగుతుంది, అప్పుడు 40కి మార్చుకోవాలి.

రెండోది అవర్ మీటర్, అంటే మోటారు మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో చూపేది. సన్నగా కారే లీకును టైమర్ పట్టుకోలేదు, ఇది పట్టుకుంటుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురికి 540. వారానికి మోటారు తిరగాల్సింది గంటా 45 నిమిషాలు. చుట్టాలెవరూ రాకుండానే రెండున్నర గంటలు దాటిందంటే ముందు ఫ్లష్ ట్యాంకులు చూడండి. ఫ్లష్ ట్యాంకులో కొంచెం నీలిమందు కలిపి అరగంట ఆగితే, కమోడ్‌లో నీలం కనిపించేదే దొంగ.

మూడోది 24 గంటల టైమర్ స్విచ్. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోటారు ఆన్ కాదు. నిద్రలో పైపు ఊడినా పోయేది ట్యాంకులో ఉన్న నీళ్లే.

లీక్ సెన్సర్‌తో మూసుకునే వాల్వ్ పెట్టాలనుకుంటే మామూలు సొలినాయిడ్ (కరెంటు అయస్కాంతంతో తెరిచి మూసే వాల్వ్) కొనొద్దు. వాటిలో చాలా రకాలు కొంత ప్రెషర్ ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి. డాబా మీది ట్యాంకు 3 మీటర్ల ఎత్తున ఉంటే వచ్చేది 0.3 బార్ మాత్రమే. మోటరైజ్డ్ బాల్ వాల్వ్ అయితే సరిగా మూసుకుంటుంది. దానికి కరెంటు ఇన్వర్టర్ లైన్ నుంచే ఇవ్వాలి, లేకపోతే పవర్ కట్‌లో తెరిచినది తెరిచినట్టే ఉండిపోతుంది. నెలకోసారి మూసి తెరవకపోతే గారకు బిగుసుకుపోతుంది.

ఇవేవీ కొనే ఉద్దేశం లేకపోతే ఒక పెన్సిల్ చాలు. రాత్రి మోటారు ఎంసీబీ దించి, కుళాయిలన్నీ కట్టి, ట్యాంకు లోపల నీటి మట్టం దగ్గర గీత గీయండి. 1.1 మీటర్ల వ్యాసమున్న ట్యాంకులో తెల్లారేసరికి 1 సెం.మీ. తగ్గితే 9.5 లీటర్లు పోయినట్టు.