పాపాయి బట్టలకు కుంకుడు రసం: ఏడాదిన్నర వాడాక

మా పాప 2023 జూలైలో, ముసురు పట్టిన రోజుల్లో పుట్టింది. బాలసారె దాకా కొత్త బట్ట వేయకూడదని తెనాలిలో మా అమ్మ పాత నూలు చీరలు చించి పొత్తిగుడ్డలు, లంగోటీలు కుట్టి ఉంచింది. వాటికి సబ్బు తగలనివ్వలేదు. కుంకుడు రసంతోనే ఉతికేది. మూడు నెలలు పుట్టింట్లో, ఆ తర్వాత హైదరాబాదులో మా ఫ్లాటులో, మొత్తం ఏడాదిన్నర నేనూ అదే వాడాను. మధ్యలో ఒకసారి మాత్రం వేరే దారి పట్టాను. ఆ సంగతి కింద చెబుతాను.

ముందు తయారీ. పది పన్నెండు కాయలను రాయితో కొట్టి గింజలు తీసేసి, పెచ్చులను లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెడతాను. పొద్దున్నే చేత్తో పిసికితే తేనె రంగులో చిక్కటి రసం దిగుతుంది. దాన్ని పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. ఒక్కసారితో సరిపెడితే నలుసులు జబ్లాల కుట్ల దగ్గర చేరి, ఎండాక ముల్లులా గుచ్చుకుంటాయి. పాప వీపు మీద గీతలు చూసి ఒక జబ్లాను తిరగేస్తే, మెడ పట్టీలో గోధుమరంగు పెచ్చు ముక్క కనిపించింది. ఆ రోజు నుంచి రెండో వడపోత మానలేదు. ఒక లీటరు రసం ఒక బకెట్ బట్టలకు సరిపోతుంది. ఎండాకాలంలో సాయంత్రానికే పులిసిన వాసన వస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే చేసుకోవడం మేలు.

మూత్రం తడిపిన లంగోటీలకు ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. చల్లటి నీళ్లలో ఒకసారి జాడించి, రసంలో అరగంట ఉంచి ఉతికితే వాసన పూర్తిగా పోతుంది. గుడ్డ మెత్తగా ఉంటుంది, తడిని వెంటనే పీల్చుకుంటుంది. మెత్తదనం కోసం అమ్మే కండిషనర్లు నూలు పోగుల మీద జిడ్డు పొరలా పట్టి, గుడ్డకున్న ఆ గుణాన్నే తగ్గిస్తాయి. లంగోటీలకు వాటిని వాడవద్దని గట్టిగా చెబుతాను. ఇంకో లాభం హైదరాబాదుకు వచ్చాక తెలిసింది. మా అపార్టుమెంటులో బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉంటాయి. బిళ్ల సబ్బు రుద్దితే నురగ రాకపోగా నీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, బట్ట బిరుసెక్కుతుంది. కుంకుడు రసానికి ఆ తెట్టు లేదు.

నూనె దగ్గర మాత్రం కుంకుడు ఓడిపోయింది. రోజూ నువ్వుల నూనెతో ఒళ్లు రుద్ది, సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం చేయించేవాళ్లం. ఆ తువాళ్లలో నూనె మిగిలిపోయి రెండు వారాలకు ముక్కవాసన పట్టాయి. చివరకు వాటిని వేడినీళ్లలో మామూలు లిక్విడ్ వేసి విడిగా ఉతకాల్సి వచ్చింది. తెల్ల బట్టలు కూడా ఆరు నెలలకు లేత గంధం రంగుకు మారాయి. అన్నప్రాశన నాటి తెల్ల గౌను మీద పప్పన్నం పడి పసుపు మరక అయింది. కంగారులో సబ్బు రుద్దాను, మరక కాస్తా ఎర్రబడింది. పసుపుకు క్షారం తగిలితే అంతే. నీళ్లతో జాడించి, తడిగానే రెండు రోజులు ఎండలో వేస్తే మరక వెలిసిపోయింది. పసుపు రంగు ఎండకు నిలవదు. కక్కిన పాల మరకలకైతే మొదట చన్నీళ్లే వాడాలి. వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గట్టిపడి పోగులకు అతుక్కుంటాయి.

ఇక దారి తప్పిన సంగతి. హైదరాబాదుకు వచ్చిన కొత్తలో కుంకుళ్లు కొట్టే తీరిక లేక, పిల్లల బట్టల కోసమే అని అమ్మే లిక్విడ్ ఒకటి కొని మెషిన్లో వేశాను. వారానికి పాప మెడ మడతల్లో, తొడల దగ్గర ఎర్రటి పొక్కులు వచ్చాయి. పిల్లల డాక్టరు చూసి లిక్విడ్ ఆపమని, బట్టలు ఇంకా రెండుసార్లు జాడించమని చెప్పారు. నేను మొదటి మాటే పట్టుకున్నాను. మళ్లీ కుంకుడు మొదలుపెట్టాను, పొక్కులు తగ్గాయి. నెల తిరక్కుండానే మళ్లీ వచ్చాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు మా అమ్మ వచ్చింది. నేను జాడించిన చివరి బకెట్లో చెయ్యి పెట్టి, రెండు వేళ్లు ఒకదానికొకటి రాసి చూసి, "ఇంకా జారుతోందమ్మా, రసం పోలేదు" అంది. బోరు ఎక్కడ ఎండిపోతుందోనని నీళ్లు ఆదా చేస్తూ నేను ఒక్కసారే జాడిస్తున్నాను. తలంటు పోసుకుంటూ కుంకుడు రసం కంట్లో పడి మండిన అనుభవం మనలో ఎవరికి లేదు? అదే రసం పసిపిల్ల ఒంటి మడతల్లో రోజంతా ఉంటే ఊరుకుంటుందా? ఆ రోజు నుంచి మూడుసార్లు జాడించాను. చివరి నీళ్లు ఒక సీసాలో పోసి ఊపి, నురగ నిలిస్తే నాలుగోసారి. పది రోజులకు చర్మం మామూలైంది. తర్వాత పక్కన పెట్టిన ఆ లిక్విడ్‌నే అంతే జాగ్రత్తగా జాడిస్తూ రెండు వారాలు వాడాను, ఒక్క పొక్కు రాలేదు. అందుకే కుంకుడు గొప్పా, లిక్విడ్ గొప్పా అని అడిగితే, ఎన్నిసార్లు జాడిస్తున్నారని ముందు అడుగుతాను. పొక్కులు తగ్గకపోతే మాత్రం సొంత వైద్యం వద్దు, డాక్టరుకు చూపించండి.

దాచడం గురించి ఒక్క మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బంధువులు ప్రేమగా ఇచ్చే పాత బట్టల మూటల్లో కలరా ఉండలు ఉంటాయి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. పసిబిడ్డకు ఆ లోపం ఉందో లేదో చూసి చెప్పలేం. నేను పిల్లల బట్టల బీరువాలో ఎండిన వేపాకు తప్ప ఏమీ పెట్టలేదు. ముసురు రోజుల్లో ఆరని గుడ్డలను సాంబ్రాణి పొగ మీద గంప బోర్లించి ఆరబెట్టడం కూడా మానేశాను. ఇస్త్రీ పెట్టెతోనే ఆరబెట్టాను.

లంగోటీలకు ఐదుకు ఐదు, తువాళ్లకు ఒకటి, తెల్ల బట్టలకు రెండున్నర. ఇవీ కుంకుడుకు నేనిచ్చే మార్కులు. వచ్చే నెల మా చెల్లికి పురుడు. ఇరవై లంగోటీలు ఉతికి, ఎండలో వేసి, మడిచి ఉంచాను. వాటితోపాటు గింజ తీసిన పెచ్చులు అరకిలో, వడకట్టే గుడ్డ, నురగ చూసుకునే ఆ సీసా కూడా మూటలో పెట్టాను.