జీపీఎస్ కార్డు మీది స్టిక్కర్‌ను నమ్మకండి

బెంగళూరులో సొంత విమానం నడుపుతూ, జీపీఎస్‌కు దారులు, రన్‌వేల వివరాలు చెప్పే నావిగేషన్ డేటాబేస్‌ను బయటివాళ్ల చేత మార్పించుకుంటున్న మనవాళ్లందరికీ ఈ సంగతి చెప్పి తీరాలి.

మా ముగ్గురి ఉమ్మడి విమానం జక్కూరు ఏరోడ్రోమ్‌లో ఉంటుంది. అందులో ఉన్న జీపీఎస్ గార్మిన్ 430; దాని డేటా ఒక చిన్న కార్డులో ఉంటుంది. 2025 మే నెలలో ఒక మధ్యవర్తికి ఏడాది డబ్బంతా ముందే కట్టాం. 28 రోజులకొకసారి కార్డు తీసుకువెళ్లి, కొత్త సైకిల్, అంటే తర్వాతి 28 రోజులకు చెల్లే డేటా, ఎక్కించి తెచ్చివ్వాలని ఒప్పందం.

జులై మూడో వారంలో తిరుపతి బయలుదేరాను. ఆకాశమంతా మబ్బు. కార్డు మీద '2507' అని ముచ్చటైన స్టిక్కర్ ఉంది, అంటే ఆ ఏడాది ఏడో సైకిల్, జులై 10 నుంచి అమలయ్యేది. జీపీఎస్ వెలిగించగానే తెర మీద గడువు తేదీ జూన్ 12 అని వచ్చింది! ఇంజిన్ ఆపేసి, కార్డు బయటికి లాగి గోటితో గీరాను. స్టిక్కర్ కింద 2506, దాని కింద 2505. స్టిక్కర్లు మూడు, లోపలి డేటా మాత్రం మే నెలదే.

జూన్ చివర్లో ఇదే కార్డుతో మబ్బుల్లోంచి హైదరాబాద్ వెళ్లి వచ్చాను. గడువు తేదీ చూపే ఆ పేజీ అప్పుడూ వచ్చే ఉంటుంది. ఎంటర్ నొక్కనిదే ముందుకు సాగదు కదా, చదవకుండానే నొక్కేశాను. అది తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆ మధ్యవర్తిని నిలదీస్తే, "రెండు నెలల్లో ఏమి మారుతుంది సార్, తేదీలే కదా" అన్నాడు. తేదీలే కాదు. 2019 డిసెంబరులో దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయంలో రెండో రన్‌వే వచ్చింది. అంతకుముందు 09 నంబరుతో ఒక్కటే ఉన్న చోట ఇప్పుడు 09ఎల్ (ఎడమది), 09ఆర్ (కుడిది) ఉన్నాయి. అంతకుముందు నాటి కార్డుకు ఆ రెండోది ఉందనే తెలియదు. నేల కనిపించని చోట ఏ బిందువు దగ్గర తిరగాలో చెప్పేది ఆ కార్డే.

డబ్బు తిరిగి రాలేదు. చందా కట్టేవాళ్లు నేరుగా ఈ డేటా అమ్మే జెప్సెన్ దగ్గరో గార్మిన్ దగ్గరో మీ పేరునే కట్టండి, ఖర్చు ఎక్కువైనా సరే. డేటా మీ కంప్యూటర్ నుంచి మీరే ఎక్కించుకోండి. వెళ్లబోయే విమానాశ్రయం అప్రోచ్‌ను, అంటే దిగేందుకు వెళ్లే దారిని, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టే అధికారిక సమాచార సంపుటి ఇ-ఏఐపీలోని చార్టుతో బిందువు బిందువుకూ సరిచూసుకోండి. మేమిప్పుడు తెర మీది తేదీని పైకి చదివి, పుస్తకంలో రాశాకే ఎంటర్ నొక్కుతున్నాం.

మీ కార్డు కూడా ఇలా ఎవరి చేతుల్లోనైనా తిరుగుతుంటే, తర్వాతి ప్రయాణం దాకా ఆగకుండా ఈరోజే హ్యాంగర్‌కు వెళ్లి తెర వెలిగించి చూడండి.