సగం పూటా? పూర్తి రోజా?

శ్రీకాకుళంలో సగం పూట అకౌంట్స్ రాసే నన్ను ఉన్నట్టుండి ఫుల్‌టైమ్‌లోకి తీసుకుంటామన్నారు. నేను అడగని ప్రమోషన్ ఇది. సంతోషం ఎంతుందో గుబులూ అంతే ఉంది.

సగం పూట అయితే ఆమదాలవలస నుంచి పొద్దున్నే బస్సెక్కినా మధ్యాహ్నం భోజనం వేళకు ఇంట్లో ఉంటాను. అమ్మకు చూపు సరిగా ఆనదు, చుక్కల మందు నేనే వేయాలి. వరినాట్లప్పుడు పొలం చూసుకుంటాను. సాయంత్రం మా వీధి పిల్లలకు లెక్కలు చెబుతాను, అది నాకు ప్రాణం. జీతం మాత్రం నెలాఖరుదాకా సరిపోదు.

పూర్తి రోజు అయితే జీతం దాదాపు రెట్టింపు. పీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) పార్ట్‌టైమ్ వాళ్లకూ వర్తించేదే గానీ, చిన్న జీతం మీద జమయ్యేదీ చిన్నదే. జీతం మీద నా వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. యజమాని ఇచ్చే ఆ 12లో 8.33 శాతం (ఇదీ జీతం మీదే) పెన్షన్ పథకానికి వెళ్తుంది. ఆ పెన్షన్‌కు కనీసం 10 ఏళ్ల సర్వీసు కావాలి. ఈఎస్‌ఐ వైద్య బీమా ఎలాగూ ఉంటుంది, కొత్త జీతమూ దాని పరిమితి అయిన నెలకు 21,000 రూపాయల లోపే.

కానీ ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. మార్చి నెలాఖరు లెక్కలప్పుడు ఆఖరి బస్సు దొరుకుతుందా అన్న టెన్షన్ వేరే.

నేను ఫుల్‌టైమ్ వైపే మొగ్గుతున్నాను. మధ్యాహ్నాలు అమ్మ దగ్గరుండడానికి పిన్ని ఒప్పుకుంది. నాట్ల వారం సెలవు మాత్రం ఆర్డర్‌లోనే రాయించుకుంటాను. పిల్లల లెక్కలు ఆదివారానికి మారుస్తాను.