12ఏ కాట్రిడ్జ్‌కి కంపాటిబుల్ ఓపీసీ డ్రమ్ వేయించా, ఎలా ఉందంటే

ఇంట్లో ఉన్నది పాత హెచ్‌పీ 1020 లేజర్‌జెట్ ప్రింటర్, దాంట్లో వాడేది 12ఏ టోనర్ కాట్రిడ్జ్. ఓపీసీ డ్రమ్ అంటే ఆ కాట్రిడ్జ్‌లో ఉండే గొట్టం, దాని మీద వెలుగు పడితే కరెంట్‌ని పంపే ఆర్గానిక్ పూత (ఆర్గానిక్ ఫోటోకండక్టర్) ఉంటుంది. ఈమధ్య ప్రతి పేజీలో ఒకటే నల్లచుక్క ఏడున్నర సెంటీమీటర్లకోసారి పడుతోంది. 12ఏలో డ్రమ్ చుట్టుకొలత కూడా అంతే, కాబట్టి టోనర్‌ని అనుమానించే పని లేదు, డ్రమ్ మీదే గాటు పడింది. కొత్త కాట్రిడ్జ్ అంటే వేలల్లో మాట, డ్రమ్ ఒక్కటైతే వందల్లో అయిపోతుంది, అందుకే రీఫిల్లింగ్ చేసే అబ్బాయితో డ్రమ్, దాని మీద మిగిలిన టోనర్‌ని గీకేసే వైపర్ బ్లేడ్ రెండూ మార్పించా.

ప్రింట్ చాలా బాగుంది. చిన్న ఫాంట్‌లో కూడా వత్తులు అతుక్కోకుండా విడిగా కనిపిస్తున్నాయి, తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు మసక అస్సలు రావట్లేదు. పేజీ నిండా నలుపు ఉండే బొమ్మలు మాత్రం ఒరిజినల్ కంటే కాస్త పలచగా వస్తున్నాయి.

కానీ నాకు ఈ డ్రమ్ అంటే ఇష్టం వేరే కారణానికి. ఓలెడ్ స్క్రీన్ ఫోన్లు చూసి ఆర్గానిక్ సెమీకండక్టర్లు, అంటే కార్బన్ పదార్థాలతో చేసినవి, నిన్నమొన్న వచ్చాయనుకుంటాం గానీ, అవి అంతకు చాలా ముందే కాపియర్లు, ప్రింటర్లలో ఇలాంటి పూతగా వచ్చేశాయి. 1906లోనే ఇటలీలో పొచెట్టీనో అనే శాస్త్రవేత్త ఆంత్రసీన్ అనే కార్బన్ పదార్థం మీద వెలుగు పడితే దాంట్లో కరెంట్ పారడం పెరుగుతుందని గమనించాడు. 1948లో ఇంగ్లండ్‌లో ఎలీ, సోవియట్ యూనియన్‌లో వర్తన్యాన్ ఎవరికి వారు థాలోసయనిన్లు, అంటే పెయింట్లలో ఇంకుల్లో వాడే ఆ నీలం ఆకుపచ్చ రంగులే, సెమీకండక్టర్లని చూపించారు. మన డ్రమ్‌కి ఉన్న పచ్చటి రంగు మామూలుగా ఆ కుటుంబానిదే.

1959లో వచ్చిన జిరాక్స్ 914 కాపియర్‌లో డ్రమ్ మీద సెలీనియం ఉండేది, దాన్ని వ్యాక్యూమ్‌లో ఆవిరి చేసి పూత పూయాలి. జర్మనీలో కల్లే కంపెనీలో హోగల్ పీవీకే అనే ప్లాస్టిక్ మీద వెలుగు పడితే అది కరెంట్‌ని పంపుతుందని తేల్చాక దారి మారింది, 1970లో ఐబీఎం తన కాపియర్‌లో దాన్నే వాడింది. ఆర్గానిక్ అయితే ద్రావణంలో ముంచి తీస్తే పూత పడిపోతుంది, ఈరోజు డ్రమ్ వందల్లో దొరుకుతోందంటే పెద్ద కారణం అదే.

పని చేసే తీరు కూడా ఎంత బాగుంటుందో చూడండి, చీకట్లో ఛార్జ్ రోలర్ డ్రమ్ అంతా నెగటివ్ ఛార్జ్ పరుస్తుంది, లేజర్ తగిలిన చోట అడుగున ఉన్న పల్చటి రంగు పొర వెలుగు పీల్చుకుని ఛార్జ్‌లు పుట్టిస్తుంది, వాటిలో పాజిటివ్‌వి పై పొర గుండా పైకి వచ్చి అక్కడి నెగటివ్‌ని చెరిపేస్తాయి, టోనర్ వెళ్లి అక్కడే అంటుకుంటుంది. ఆ పై పొర మైక్రాన్లలో ఉండే ప్లాస్టిక్, బ్లేడ్ రాపిడికి రోజూ అరుగుతూనే ఉంటుంది. అందుకే పాత బ్లేడ్ ఉంచేసి డ్రమ్ ఒక్కటే మార్చమని చెప్పకండి, కొత్త పూత కూడా త్వరగా పోతుంది.

కొనేటప్పుడు నల్ల కవర్‌లో లేకుండా షోకేస్‌లో వెలుగులో పడున్నది తీసుకోకండి. బిగించేటప్పుడు కూడా రెండు చివర్లే పట్టుకోమనండి, పచ్చ భాగం మీద వేలు పెట్టనివ్వకండి. ఆఫీసు కాగితాలు, పిల్లల నోట్స్ తీసుకునేవాళ్ళు నిశ్చింతగా వేయించుకోవచ్చు, ఫోటోలు ఎక్కువ తీసేవాళ్ళు మాత్రం ఒరిజినల్ కాట్రిడ్జ్‌కే వెళ్ళండి.