ఆరేళ్ల గడ్డి కోసే బండి, మూడు బ్యాటరీలు

తిరుచానూరు రోడ్డు వైపు మాకు ఒక కల్యాణ మండపం ఉంది. వెనక ఎకరంన్నర లాన్, రిసెప్షన్లన్నీ అక్కడే జరుగుతాయి. ఆరేళ్ల క్రితం దానికోసం కూర్చుని నడిపే గడ్డి కోసే బండి కొన్నాం. రైడింగ్ మోవర్ అంటారే, అది. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లు తిరిగే అడుగు భాగం), పెట్రోలు ఇంజను, సీటు కింద 12 వోల్టుల బ్యాటరీ. కోతకు వంక పెట్టను. తోసే మిషన్‌తో ఇద్దరు రోజంతా చేసే పని దీంతో రెండు గంటల్లో అయిపోతుంది. మమ్మల్ని ఏడిపించింది స్టార్టింగే.

రెండో ఏడు పుష్యమాసంలో ముహూర్తాల్లేవు. గడ్డి కూడా పెద్దగా పెరగలేదు, బండి షెడ్డులోనే ఉండిపోయింది. మాఘంలో మొదటి పెళ్లికి ముందు రోజు మా కుర్రాడు తాళం తిప్పితే టక్ టక్ అని చప్పుడు తప్ప ఇంజను కదల్లేదు. "అన్నా, బ్యాటరీ పోయినట్టుంది" అన్నాడు. తెల్లారితే పెళ్లి, ఒకటే టెన్షన్. వెంటనే కొత్త బ్యాటరీ తెచ్చి, పాతది ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాం. బండి స్టార్ట్ అయింది. మూడు వారాలకు మళ్లీ అదే టక్ టక్.

ఈసారి తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. పెద్దాయన. వస్తూనే వోల్టులు కొలిచే మీటరు తీశాడు. తాళం తిప్పకముందు 12.6 చూపించింది. తిప్పి పట్టుకున్నప్పుడు కూడా బ్యాటరీ దగ్గర 11 ఉంది. "బ్యాటరీ బాగుంది నాయనా, కరెంటే దారిలో ఆగిపోతా ఉంది" అన్నాడు. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొస ఇంజను ఇనుము మీద ఆనించి మళ్లీ తిప్పమన్నాడు. రెండున్నర వోల్టులు. అక్కడ పావు వోల్టు దాటకూడదట.

ఎర్త్ వైరును, అంటే బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే వైరును, ఛాసిస్‌కు బిగించిన బోల్టు తల పైకి శుభ్రంగానే ఉంది. విప్పితే లగ్గు (వైరు కొసన బోల్టుకు తొడిగే రింగు) అడుగున పచ్చటి పొడి, దాని కింద సగం కంపెనీ రంగు, సగం తుప్పు. గోరుతో గీకితే తుప్పు రేకులుగా లేచింది. వైరు తొడుగు రెండంగుళాలు కోసి చూస్తే లోపల రాగి తీగలు నల్లబడ్డాయి. కొత్త లగ్గు కొట్టి, ఆ చోటు ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన వాజిలిన్ పూశాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. కొత్త బ్యాటరీ నిండుగా ఉన్నన్నాళ్లు ఆ అడ్డును ఎలాగో దాటించింది, తుప్పు ముదిరాక దానివల్ల కూడా కాలేదు.

తప్పు మాదే. కోత అయిన ప్రతిసారీ మావాళ్లు ప్రెజర్ గన్‌తో బండంతా కడిగేవాళ్లు. ఇప్పుడు డెక్ అడుగు మాత్రమే కడుగుతారు, మిగతాది గాలి కొట్టి తుడుస్తారు. మేం ఇచ్చేసిన పాత బ్యాటరీ నిజంగా పోయిందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. ఐదారు వందల మీటరు ఇంట్లో లేక నాలుగు వేల దాకా పెట్టామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నాలుగో ఏడు ఆ రెండో బ్యాటరీ నిజంగానే పోయింది. అప్పటికి నాకు కొలవడం వచ్చు. బండి ఆపి కొన్ని గంటలు వదిలేశాక 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 దగ్గరికి వస్తే పావే. మాది 28 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాబట్టి 3 ఆంపియర్ల ఛార్జరుతో రాత్రంతా ఎక్కించాను. పొద్దున 12.6. ఏమీ వాడకుండానే మర్నాటికి 12.1. తాళం తిప్పితే 8కి పడిపోయింది. తిప్పేటప్పుడు తొమ్మిదిన్నర కిందికి జారితే, వైర్లు శుభ్రంగా ఉంటే, ఇక మార్చాల్సిందే. మన తిరుపతి మే నెల ఎండల్లో రేకుల షెడ్డు కింద పెట్టడం దాని ఆయుష్షు తగ్గించిందని నా నమ్మకం. వేడికి బ్యాటరీ వాటర్ ఇగిరి పలకలు పైకి తేలడం నేనే చూశాను. తర్వాత బండిని సెల్లార్‌లోకి మార్చాం.

ఇంకో సంగతి తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. పెట్రోలు మిగులుతుందని మా కుర్రాడు సగం యాక్సిలరేటర్‌లోనే కోసేవాడు. ఈ బండికి బ్లేడును ఇంజనుకు కలిపే క్లచ్ కరెంటుతో పనిచేస్తుంది, అదే నాలుగు ఆంపియర్లదాకా తాగుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగితే బ్యాటరీకి మిగిలేది ఏముంటుంది? ఫుల్ యాక్సిలరేటర్‌లో బ్యాటరీ మీద 14 వోల్టుల దాకా రావాలి. ఇంజను తిరుగుతున్నా 12.5 దగ్గరే నిలిచిపోతే బ్యాటరీని అనకండి, ఛార్జింగ్ వైపు చూడండి. మాకోసారి ఇంజను కింద ఛార్జింగ్ వైరు ప్లగ్గులో పిన్ను కాలిపోయి అలాగే అయింది.

తాళం తిప్పినా టక్ అని కూడా అనకపోతే ముందు సీటు మీద సరిగ్గా కూర్చున్నారా, బ్రేకు తొక్కారా, బ్లేడు స్విచ్ ఆఫ్‌లో ఉందా చూసుకోండి. తర్వాత ఫ్యూజు. తొందరలో కారు బ్యాటరీ నుంచి వైర్లు కలపాల్సి వస్తే కారు ఇంజను ఆపేసి కలపండి. బండి బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. రెంచి ఛాసిస్‌కు తగిలి నిప్పులు రాలకుండా ఉండాలంటే ఈ వరస తప్పకూడదు.

ఇప్పుడు మూఢం వచ్చినా, శూన్యమాసం వచ్చినా మైనస్ వైరు విప్పి పెడతాం, నెలకోసారి ఛార్జింగ్ ఎక్కిస్తాం. మూడో బ్యాటరీకి రెండేళ్లు దగ్గర పడుతున్నాయి, నిన్న పొద్దున కొలిస్తే 12.6 ఉంది. ఈ బండి మళ్లీ కొంటారా అని అడిగితే కొంటాను. ఇంటికి తెచ్చిన రోజే ఎర్త్ బోల్టు విప్పి, కింద రంగు గీకి, మళ్లీ బిగించి అప్పుడు లాన్‌లోకి దింపుతాను.