బీమర్‌లో స్లైడ్ కొలత: తొమ్మిదేళ్లు వాడాక నా అనుభవం

లేటెక్ అంటే కోడ్‌లా రాసింది పీడీఎఫ్‌గా మార్చిచ్చే సాఫ్ట్‌వేర్. అందులో స్లైడ్లు చేయడానికి తొమ్మిదేళ్లుగా బీమర్ అనే క్లాస్‌నే వాడుతున్నాను. డిగ్రీ పిల్లలకు లీనియర్ ఆల్జీబ్రా చెప్తాను కాబట్టి మాట్రిక్సులు, నిరూపణలు లేని రోజు ఉండదు. సమీకరణాలు ఇంత అందంగా వచ్చే సాఫ్ట్‌వేర్ నాకు ఇంకొకటి దొరకలేదు. నన్ను ఎక్కువ కష్టపెట్టింది మాత్రం స్లైడ్ కొలతే.

మనం ఏమీ చెప్పకపోతే బీమర్ ఇచ్చే పేజీ 128 మిల్లీమీటర్ల వెడల్పు, 96 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే 4:3. టిల్ టాంటౌ 2003లో తన పీహెచ్‌డీ డిఫెన్స్ కోసం బీమర్‌ని తయారుచేసుకున్నారు. అప్పట్లో ప్రొజెక్టర్లు ఎక్కువగా ఆ ఆకారంలోనే ఉండేవి. ఇప్పటికీ అదే డిఫాల్ట్. ఫైల్ మొదట్లో రాసే డాక్యుమెంట్ క్లాస్ ఆప్షన్లలో ఆస్పెక్ట్‌రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) దగ్గర 169 అని రాస్తే 16:9 వస్తుంది, 1610 అని రాస్తే 16:10 వస్తుంది. మధ్యలో కోలన్ పెట్టకూడదు, అంతే.

ఈ ఒక్క మార్పుతో పని అయిపోతుందని నేనూ అనుకున్నాను. 16:9 పేజీ 160 బై 90. వెడల్పు 32 మిల్లీమీటర్లు పెరిగింది, నిజమే. కానీ ఎత్తు 6 మిల్లీమీటర్లు తగ్గింది! మామూలు 11 పాయింట్ల అక్షరాలతో అది ఒక వరుస కంటే కాస్త ఎక్కువ. ఒక సెమినార్‌కి వెళ్లే ముందు రాత్రి పాత స్లైడ్లను 169కి మార్చి, మొదటి నాలుగూ చూసి, బాగున్నాయి కదా అని పడుకున్నాను. మర్నాడు పదకొండో స్లైడ్‌లో నిరూపణ చివరి వరుస, అసలు ఫలితం ఉన్న వరుస, సగం వరకు పేజీ కింది అంచు దాటిపోయింది. పై సగం అక్షరాలు మాత్రమే కనిపిస్తున్నాయి. బోర్డు మీద రాసి గట్టెక్కాను గానీ, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. స్లైడ్ నిండిపోయినా బీమర్ తనంతట తాను మిగతాది తర్వాతి స్లైడ్‌కి పంపదు, కిందికి జారిపోనిస్తుంది. పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు లేటెక్ రాసిపెట్టే లాగ్ ఫైల్‌లో ‘ఓవర్‌ఫుల్ వీబాక్స్’ అనే హెచ్చరిక ఉంటుంది, ఎన్ని పాయింట్లు ఎక్కువైందో కూడా చెప్తుంది. అప్పటినుంచి ఆ మాట కోసం లాగ్ వెతకకుండా ఏ ఫైలూ బయటికి తీసుకెళ్లలేదు. ష్రింక్ ఆప్షన్‌తో ఆ ఒక్క స్లైడ్‌ని కుదించవచ్చు. నాకది నచ్చదు, స్లైడ్ స్లైడ్‌కీ అక్షరాల సైజు మారిపోతుంది. స్లైడ్‌ని రెండుగా విడగొట్టడమే మేలు.

బొమ్మల సంగతి ఇంకో రకం. సెంటీమీటర్లలో కొలత ఇవ్వకండి, టెక్స్ట్‌విడ్త్‌లో (అంచులు పోగా రాతకు మిగిలే వెడల్పులో) ఇంత వంతు అని రాయండి అని అందరూ చెప్తారు, నేనూ అలాగే రాశాను. చదరంగా ఉన్న గ్రాఫ్‌కి 0.7 వంతు అంటే 4:3లో ఏడున్నర సెంటీమీటర్లు, హాయిగా పట్టేది. 16:9లో అదే 0.7 వంతు 9.8 సెంటీమీటర్లు అవుతుంది. పేజీ ఎత్తే 9! అందుకే ఇప్పుడు బొమ్మలకు ఎత్తునే టెక్స్ట్‌హైట్‌లో (రాతకు మిగిలే ఎత్తులో) వంతుగా ఇస్తున్నాను.

పవర్‌పాయింట్ స్లైడ్‌తో సరిపోవాలని పేజీ కొలతలు మార్చే జామెట్రీ ప్యాకేజీతో పేజీని 33.867 బై 19.05 సెంటీమీటర్లు కూడా చేసి చూశాను. అక్షరాలు 11 పాయింట్లలోనే ఉండిపోయాయి, పేజీ రెండింతలు పెరిగింది. వెనక బెంచీ నుంచి ఒక్క ముక్క చదవలేరు. పీడీఎఫ్ ఎలాగూ తెరకు తగ్గట్టు సాగుతుంది. చూసుకోవాల్సింది నిష్పత్తిని, సెంటీమీటర్లను కాదు.

తెలుగు స్లైడ్లకు మాత్రం 1610 వాడతాను. లువాలేటెక్‌లో (లేటెక్‌లోనే ఒక రకం) అక్షరాలను సరిగ్గా కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ పెడితే ఒత్తులు సరిగ్గానే వస్తాయి, కానీ ‘శాస్త్రం’ లాంటి మాట కింద ఒత్తులు తర్వాతి వరుసలోని గుడిదీర్ఘాలకు తగులుతాయి. వరుసల మధ్య ఎడం పెంచక తప్పదు. 160 బై 100 పేజీలో దొరికే ఆ అదనపు 10 మిల్లీమీటర్లు అక్కడ పనికొస్తాయి. 16:9 ఆకారంలో ఉండే ఫుల్ హెచ్‌డీ తెర మీద రెండు పక్కలా కలిపి పదో వంతు నల్లగా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

ఎక్కడికైనా పిలిస్తే నేను ముందు అడిగేది ప్రొజెక్టర్ రిజల్యూషన్. 1024 బై 768, అంటే 4:3, అన్నారంటే ఆస్పెక్ట్‌రేషియో జోలికే పోను. ఆ తెర మీద 16:9 స్లైడ్ వేస్తే ఎత్తులో పావు వంతు ఖాళీగా పోవడమే కాదు, అక్షరాలు కూడా 20 శాతం చిన్నవవుతాయి.

ప్రింట్ విషయానికొస్తే, ఎ4 కాగితం మీద అడ్డంగా పేజీకి నాలుగు చొప్పున 16:9 స్లైడ్లు వేసిస్తాను. ఒక్కో స్లైడ్‌కి పైనా కిందా కలిపి దాదాపు రెండు సెంటీమీటర్ల తెల్లకాగితం మిగులుతుంది. పిల్లలు నోట్సు అక్కడే రాసుకుంటున్నారు.